వెంకటన్నకు ఎద్దు ఎక్కడిది

పెబ్బేరు సంతలో ఒక శనివారం నాడు కల్లు దుకాణం వెంకటన్న నల్ల గొంగడి ముసుగేసుకొని, రోడ్డుకు అవతల ఉన్న తోడల్లుడు భీమన్న దుకాణంలో దూరి, దొంగచాటుగా కల్లు తాగి వచ్చాడని ఒక మాట ఉంది. మా కళ్లతో చూశామనేవాళ్లు పెబ్బేరులో సగం మంది. బీచుపల్లి అంజన్న మీద ఒట్టేసి చెప్పమంటే మాత్రం ఒక్కడూ నోరు విప్పడు. గొంగడి కిందున్న మొహాన్ని ఎవరూ చూడలేదు మరి. కానీ ఆ మరునాటి నుంచి, గుంటెడు భూమి లేని వెంకటన్న పాక వెనక ఒక బూడిద రంగు ఎద్దు కట్టేసి ఉంది. దాన్ని అందరం చూశాం.

వెంకటన్నది సంత గేటు ఎదురుగా తాత కాలం నుంచి ఉన్న దుకాణం. మనిషి పొట్టి, గొంతు పొడుగు. పొద్దున్నే ఆయన పాక ముందు నిలబడి "కల్లూ" అని ఒక్క కేక పెడితే కొత్తకోట దగ్గర మేస్తున్న ఎద్దులు తలెత్తి చూసేవి. ఆ గొంతును గుర్తుపట్టని మనిషి గద్వాల నుంచి నాగర్‌కర్నూల్ దాకా లేడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మా సంతలో ఎద్దు బేరం నోటితో జరగదు. దళారి తన తువ్వాలను కొనేవాడి చేతిమీద కప్పి, దాని కింద వేళ్లు పట్టుకొని ధర మాట్లాడతాడు. ఏ వేలికి ఎంతో, ఏ కణుపు నొక్కితే ఎంతో రైతులకూ దళారులకూ మాత్రమే తెలుసు. పైకి మాత్రం వానల గురించి, మిరప తెగులు గురించి మాట్లాడుకుంటుంటారు. చెయ్యి మొత్తాన్ని గట్టిగా పిసికితే ఒప్పుకున్నట్టు. తువ్వాల తీసేస్తారు. అప్పుడు కొన్నవాడు అక్కడే, దగ్గరున్న దుకాణంలోనే కల్లు పోయించాలి. ఒకే లొట్టిలోంచి, అంటే ఒకే కల్లు కుండలోంచి, అమ్మినవాళ్లు, కొన్నవాళ్లు, దళారి తాగితేనే ఎద్దు చేతులు మారినట్టు. దాన్ని బేరం కల్లు అంటారు. తువ్వాల తీశాక మాట తప్పినవాడికి ఆ సంతలో బీడీకి నిప్పు కూడా ఎవరూ ఇవ్వరు.

ఆ బేరం కల్లే వెంకటన్న బతుకు. వారమంతా ఈగలు తోలుకున్నా శనివారం ఒక్కనాడు పాక నిండితే చాలు, ఇల్లు గడిచేది. తాత నాటి నుంచీ ఆ ఎద్దుల బేరాలన్నీ ఆ పాకలోనే తడిశాయి.

భీమన్న వచ్చాక కథ మారింది. ఖిల్లా ఘణపూర్ మామకు ఇద్దరు కూతుళ్లు. పెద్దది జోగులమ్మ వెంకటన్నకు, చిన్నది జములమ్మ భీమన్నకు. చెల్లెలు కూలికి పోతుందని జోగులమ్మ ఏడిస్తే, వెంకటన్నే తిరిగి, కాళ్లరిగేలా తిరిగి, తోడల్లుడిని కల్లు సొసైటీలో చేర్పించి, రోడ్డు అవతల పాక వేయించాడు. తనకు మిగిలింది వాడికి పోనీ అనుకున్నాడు. రెండేళ్లు తిరిగేసరికి వాడికి మిగిలింది కూడా ఈయనకు రావడం మానేసింది.

అదంతా రోడ్డును నాలుగు వరుసలు చేస్తున్న రోజుల ముచ్చట. ఊళ్లో తాగేవాళ్లు ఉన్నంతమందే, పోసేవాళ్లు మాత్రం పుట్టగొడుగులు. బస్టాండు దగ్గర వైన్ షాపువాడు అద్దాల ఫ్రిజ్జు పెట్టాడు. అందులో బీరు సీసాలు చెమట పట్టి నిలబడి ఉంటే, జీన్స్ ప్యాంటు పోరగాళ్లు వాటిని చూడటానికే వెళ్లేవారు. కిరాణా కొట్లల్లో కూడా చాటుగా సీసాలు దొరికేవి. వెంకటన్నకు ఆ ఫ్రిజ్జు మీద కోపం లేదు. ఊళ్లోకి ఏనుగు వచ్చినా ఆయనకు కోపం రాదు. ఆయన కడుపంతా రోడ్డు అవతల ఉన్న ఆ పాక మీదే మండేది.

భీమన్న పాకలోంచి నవ్వులు వినబడితే వెంకటన్నకు దగ్గు వచ్చేది. అక్కడ జనం ఎక్కువైన శనివారం ఈయనకు అన్నం దిగేది కాదు. తన దగ్గర తాగే మనిషి అటు వెళ్తూ కనబడితే, "తాగు తాగు, దవాఖాన దగ్గర్నే ఉంది," అని వినబడేటట్టు గొణిగేవాడు. చివరికి భీమన్న పాకమీద వాన పడి తన పాకమీద పడకపోయినా, వాన కూడా వాడి దిక్కే పోయిందని ఏడ్చాడంటారు.

ఊరికే ఏడ్చి కూర్చోలేదు. పాకలో టేప్‌రికార్డర్ పెట్టాడు. భీమన్న కలర్ టీవీ పెట్టాడు. ఈయన ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు వేశాడు. ఆయన నీలం కుర్చీలు, అవి కూడా చేతులున్నవి, వేశాడు. జోగులమ్మ బోటి కూర వండితే జములమ్మ ఎండు చేపలు వేయించేది, ఆ వాసనకు బోటి కూర తింటున్నవాళ్లు కూడా అటే మొహం తిప్పి నమిలేవారు. "అసలు ఈత కల్లు ఇక్కడే" అని వెంకటన్న రేకు బోర్డు రాయిస్తే, మరుసటి శనివారానికి ఎదురుగా అంతకు రెట్టింపు బోర్డు లేచింది. దానిమీద "అసలుకు అసలు" అని ఉంది. వెంకటన్న అగరొత్తులు కూడా వెలిగించాడు. ఉన్న నలుగురూ తుమ్ముకుంటూ అటు వెళ్లిపోయారు.

"వాడు అండ్ల ఏందో కలుపుతుండు," అన్నాడొకనాడు పెళ్లాంతో.

"ఏం కలుపుతడు. ఇద్దరికి ఒక్క ఈత వనం నుంచే గద కల్లు వచ్చేది," అంది జోగులమ్మ.

"మంచి చెట్లన్ని వానికి, ముసలి చెట్లు నాకు పెట్టిండ్రేమో."

"అట్లుంటే పొయి తాగి చూడు."

ఆమె ఏదో విసుగులో అంది. ఆయన మనసులో అది ముల్లులాగా దిగింది. సొంత కల్లు ఇంట్లో పెట్టుకొని ఎదుటివాడి కల్లు తాగిన దుకాణదారుడి దగ్గర ఇంకెవడు తాగుతాడు? దొరికిపోతే పాకకు తాళమే. అయినా ఆగలేకపోయాడు.

ఇక్కణ్ణుంచి నేను చెప్పేది ఆ గొంగడి మనిషి గురించి. వాడు వెంకటన్నే అని నేను అనను. మీరు అనుకుంటే నేను ఆపను.

ఆ శనివారం సంత మంచి ఊపులో ఉన్నప్పుడు ఒక గొంగడి మనిషి భీమన్న పాకలోకి వచ్చి మూలకు కూర్చున్నాడు. ఎండాకాలం. మిగతావాళ్లు బనీన్లు కూడా విప్పి కూర్చుంటే వాడు కళ్లదాకా కప్పుకొని ఉన్నాడు. జములమ్మ సీసా తెచ్చి పెట్టింది.

"ఏ ఊరు పెద్దయ్యా?"

వాడు గొంతు చూపించి చెయ్యి ఊపాడు.

"గొంతు పట్టిందా. ఎదురుంగ మా బావ దుకాణంల తాగినవేమో, గందుకే పట్టింది. మాది తాగు, ఇడుస్తది."

గొంగడి ఒక్కసారి ఎగిరి పడింది. లోపలినుంచి మాట మాత్రం రాలేదు. ఎట్లా వస్తుంది, ఆ గొంతు బయటికొస్తే కొత్తకోట ఎద్దులు కూడా గుర్తుపడతాయి కదా.

వాడు మొదటి గుక్కను నోట్లో ఎంతసేపు తిప్పాడంటే, పక్కవాడు ఒక సీసా ముగించి ఇంకొకటి తెప్పించుకున్నాడు. రెండో గుక్క తర్వాత సీసాను ఎండకు ఎత్తి చూశాడు. మూడో గుక్కకు గొంగడి లోపల మొహం వాడిపోయి ఉంటుంది. ఎందుకంటే అది అదే కల్లు. అదే పులుపు, అదే నురగ, అదే వనం. ఏమీ కలపలేదు. ఏదైనా కలిపి ఉంటే ఆయనకు ఎంత హాయిగా ఉండేదో.

ఆ బాధలో ఉండగానే చేతులు అలవాటు పని చేశాయి. పక్కవాళ్లు తాగి పడేసిన ఖాళీ సీసాలను మెడలు పట్టుకొని చేతికి నాలుగేసి ఎత్తి, పెట్టెలో వరసగా దించాడు ఆ గొంగడి మనిషి. దించి మళ్లీ వచ్చి కూర్చున్నాడు. ఎద్దులు కొనేవాడెవడూ ఆ పని చెయ్యడు.

"ఓ పెద్దయ్యా, ఊకె కూసో. ఈడ కూలి ఇయ్యం," అంది జములమ్మ. అందే కానీ, ఆ సీసాలు పట్టుకున్న తీరు మీద ఆమె చూపు ఆగిపోయిందట.

వాడు లేచి జారుకోబోయేసరికి దళారి మల్లేశ్ వచ్చి ముందర చతికిలబడ్డాడు. వెనకనే వనపర్తి పక్క పల్లె నుంచి ఎద్దును అమ్మడానికి వచ్చిన బాలమ్మ. జరిగిందేమిటంటే, రాయచూరు దిక్కునుంచి వచ్చిన ఒక కన్నడపాయన పొద్దున బాలమ్మ ఎద్దును చూసి ఇష్టపడి, భీమన్న పాకలో గొంగడి కప్పుకొని కూర్చుంటా, అక్కడికి రమ్మని మల్లేశ్‌కు చెప్పాడు. ఆ కన్నడపాయన దారిలో పకోడీల దగ్గర ఆగిపోయాడు. పాకలో గొంగడి మాత్రం ఒకటి ఉంది.

"కూసున్నవా. మంచిదైంది," అంటూ మల్లేశ్ తువ్వాల తీసి వాడి చేతిమీద కప్పేశాడు. "ఈ యేడు వానలు గట్టిగనే పడెటట్టున్నయ్."

గొంగడి అటూ ఇటూ ఊగింది. మల్లేశ్ వేలు నొక్కాడు.

"మిరపకు తెగులు వచ్చిందంట మీ దిక్కు."

ఇంకో వేలు నొక్కాడు. నేను వాణ్ణి కాదు అని ఒక్క మాట అంటే చాలు. కానీ ఆ మాట అనడానికి గొంతు కావాలి. పక్కనే భీమన్న లొట్టి కడుగుతున్నాడు. చెయ్యి గుంజుకుంటే మల్లేశ్ ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. వదిలించుకోవాలని వాడు మల్లేశ్ చేతిని మొత్తంగా పట్టుకొని, ఉన్న బలమంతా పెట్టి పిసికాడు.

మల్లేశ్ తువ్వాల తీసేశాడు.

"బాలమ్మా, నీ నసీబ్ మంచిగున్నది. నువ్వన్నదానికి ఒక్క పైస తగ్గకుండ ఒప్పుకున్నడు. గిట్లాంటి బేరం నేను సూడలె."

పాకంతా ఇటు తిరిగింది. తువ్వాల తీశాక మాట తప్పినవాణ్ణి ఎవడో చూద్దామని గొంగడి లాగేవాళ్లు అక్కడ ఉన్నారు. ఏ బాకీ కట్టడానికి దాచుకున్న సొమ్మో కానీ, వాడు కూర్చున్నచోటే నడుం దగ్గరి సంచి విప్పి బాలమ్మ ముందు పెట్టాడు. ఆ పైన వేలెత్తి బేరం కల్లు పోయమని భీమన్నకు సైగ చేశాడు. తన దుకాణానికి రావలసిన బేరం కల్లును తన సొమ్ముతో ఎదుటి దుకాణంలో పోయించిన మనిషి చరిత్రలో వాడొక్కడే అయి ఉండాలి.

బాలమ్మ మొదటి చుక్కలు నేలమీద అమ్మవారికి విడిచి, తనవంతు తాగి, మూతి తుడుచుకుంది.

"ఎద్దు బంగారమయ్యా. ఒక్కటే గుణం. నీళ్లు కనవడ్డకాడ తాగందె అడుగు కదలడు. కొట్టకు, తిట్టకు, తాగనియ్యి. మనం గూడ గంతే గద."

పలుపు చేతికొచ్చింది. వాడు ఎద్దును తోలుకొని పాక పక్కనుంచి బయటపడబోతే ఎద్దు నిలబడిపోయింది. అక్కడ భీమన్న కట్టించిన పెద్ద నీళ్ల తొట్టి ఉంది. వాడు గుంజాడు. ఎద్దు వాణ్ణే గుంజింది. తొట్టి చుట్టూ దూరదూరం నుంచి నడిచొచ్చిన ఎద్దులు, దూడలు మూతులు పెట్టి నిలబడి ఉన్నాయి. వాటి పలుపులు పట్టుకొని మనుషులు నిలబడి ఉన్నారు. ఎద్దు తాగేదాకా ఊరికే ఎందుకు నిలబడాలని ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క సీసా ఉంది.

టీవీ కాదు, నీలం కుర్చీలు కాదు, ఎండు చేపలు కాదు. గొంగడి మనిషి ఆ తొట్టి దగ్గర రాయిలాగా నిలబడిపోయాడట.

కాసేపటికి అసలు కన్నడపాయన పాకలోకి వచ్చి, "నన్న ఎత్తు ఎల్లి?" అని తన ఎద్దు కోసం అడిగితే, మల్లేశ్ చేతిలోని కల్లు దొప్ప జారి కింద పడింది.

మరునాడు జోగులమ్మ పాక వెనకకు వెళ్లి నిలబడింది.

"ఏందిది?"

"ఎద్దు," అన్నాడు వెంకటన్న.

"ఎద్దని కనవడుతుంది. దున్నేటందుకు భూమేది? మనం ఎక్కి తిరుగుదమా దీన్ని?"

"ఎవరన్న అడుగుతే మీ నాయిన పెట్టిండని చెప్పు."

"మా నాయిన పండుగకు పంచె పెట్టలె, ఎద్దు పెడతడా."

"చెప్పుమన్నది చెప్పు."

ఎద్దు ఉన్నాక నీళ్లు కావాలి. వెంకటన్న వారం లోపల రోడ్డు వారకే సిమెంటు తొట్టి కట్టించాడు. భీమన్న తొట్టికంటే జానెడు పొడుగ్గా ఉందో లేదో రాత్రీ పగలూ కొలిచాడని పుకారు. కొత్తకోట వైపునుంచి వచ్చే పశువులకు ముందు తగిలేది ఈ తొట్టే. పశువులు ఆగాయి, మనుషులు ఆగారు, సీసాలు లేచాయి. మల్లేశ్ కూడా తువ్వాల భుజాన వేసుకొని వచ్చి కూర్చున్నాడు. బేరం కల్లులో సగం ఇటు తిరిగింది. ఇప్పుడు వెంకటన్న పాకలో నవ్వులు లేస్తే అవతల భీమన్నకు దగ్గు వచ్చేది.

అంతటితో ఊరుకుంటే వెంకటన్న గట్టెక్కేవాడే. కానీ ఆడవాళ్ల బావి దగ్గర జోగులమ్మ చెప్పమన్నది చెప్పింది. జములమ్మ అక్కడే బిందె దించింది.

"అక్కకు ఎద్దు పెట్టిండంట మా నాయిన. నాకేం పెట్టిండు?" అని మొగుడి ముందు కూలబడింది. భీమన్న అప్పటిదాకా తొట్టి మీద కుళ్లుతున్నాడు, ఆ పూట నుంచి ఎద్దు మీద కూడా మొదలుపెట్టాడు. బస్సెక్కి ఘణపూర్ వెళ్లి మామను వెంటబెట్టుకొని, సరిగ్గా శనివారం నాడు, వెంకటన్న పాక నిండా జనం ఉన్నప్పుడు దిగాడు.

మామ ఎద్దు చుట్టూ తిరిగాడు. పళ్లు చూశాడు.

"ఎద్దు మంచిగున్నదల్లుడా. నేను పెట్టిననా?"

"నువ్వే గద మామా. మర్సినవా."

"మరి నాకేది?" అన్నాడు భీమన్న. "నా పెండ్లికి ఒక కోడిపెట్ట పెట్టిండు. గది గూడ ఒంటికన్నుది."

"జర ఆగు," అన్నాడు మామ. "అల్లుడా, నాకు ముసలితనం వచ్చింది, మర్సిపోత. నేను పెట్టలేదంటే చెప్పు. ఎవల దగ్గర కొన్నవు, ఏ పాకల బేరమైంది, బేరం కల్లు ఏడ తాగినవు. దళారి ఈడనే ఉన్నడు, అడుగుదం."

మల్లేశ్ మొహాన్ని సీసా వెనక దాచుకున్నాడు. తాగుతున్నవాళ్లంతా తాగడం ఆపారు. జములమ్మ రోడ్డు అవతల నిలబడి, చేతిలో ఖాళీ సీసాలు మెడలు పట్టుకొని, బావనే చూస్తోంది.

కొన్నానంటే గొంగడి బయటికొస్తుంది. గొంగడి బయటికొస్తే ఎదుటివాడి కల్లు తాగిన సంగతి బయటికొస్తుంది. తాత నాటి పాక ఆ పూటతో సరి. వెంకటన్న పొడుగు గొంతు పిల్లి గొంతైంది.

"నువ్వే పెట్టినవ్ మామా."

"అట్లయితే నేనే పెట్టిన," అన్నాడు మామ, మీసం కింద నవ్వు దాచుకుంటూ. "కాని నాకిద్దరు బిడ్డలు. ఒక్క బిడ్డకు పెట్టి ఇంకో బిడ్డను ఏడిపిచ్చెటోన్ని కాదు. ఎద్దు ఇద్దరిది. ఒక శనివారం ఈడుంటది, ఒక శనివారం ఆడుంటది."

పైసా ఖర్చు లేకుండా ఇద్దరల్లుళ్లకూ ఎద్దును పెట్టిన మామగా ఆయన పేరు ఘణపూర్ కొండంత ఎత్తుకు లేచింది. ఆ రోజు రెండు పాకల్లోనూ కల్లు ఉత్తగానే తాగి వెళ్లాడు.

అప్పటినుంచి శనివారం విడిచి శనివారం ఎద్దు రోడ్డు దాటుతుంది. భీమన్న దగ్గరికి వెళ్లిన రోజున వెంకటన్న ఎండలో నిలబడి అటే చూస్తుంటాడు. అది తిరిగొచ్చాక దాని డొక్కలు తడుముతాడు, లావయ్యిందేమోనని. మూతి వాసన చూస్తాడు.

"వాడు దీనికి ఏందో పెడుతుండు," అంటాడు జోగులమ్మతో. "నా దగ్గర ఉన్నప్పుడు గింత హుషారుగ ఉండదు."

ఇదంతా రాస్తున్నానని చెబుదామని మొన్న వాన పడుతుండగా వెంకటన్న పాకకు వెళ్లాను. ఖాళీ సీసాలను చేతికి నాలుగేసి పట్టుకొని పెట్టెలో దించుతున్నాడు. రోడ్డు వారన తొట్టి దగ్గర ఎద్దు నిలబడి ఉంది, వీపుమీద నల్ల గొంగడి కప్పి ఉంది. నేను దానివైపు చూడటం ఆయన చూశాడు.

"గది ఎద్దు గొంగడి. నాకు గొంగడి లేదు, ఎన్నడు లేకుండె," అన్నాడు. "మల్లేశ్ చెప్పిండా నీకు? వాడు తాగితే సొంత పెండ్లాన్ని గూడ గుర్తువట్టడు. నేను ఆ పాకల కాలు పెట్టలె, వాని కల్లు నోట్ల పోసుకోలె, ఎవల చెయ్యి పిసకలె. ఎద్దు మా మామ పెట్టిండు, పొయి అడుగు. గా ముచ్చట మొత్తం అబద్ధం. ఆ దినం ఆడ కూసున్నది నేనే అయితే, వాని కల్లు ఎంత పల్చగున్నదో అప్పుడే లేచి ఊరందరికి చెప్పకపోదునా?"